కచ్చా ఇల్లు అన్నది ఎవరు?

చిన్న తరగతుల్లో ఇళ్ల గురించి ఒక పాఠం ఉంటుంది. ఒక పక్క గడ్డి కప్పు, మట్టి గోడల బొమ్మ. దాని కింద 'కచ్చా ఇల్లు' అని రాసి ఉంటుంది. మరో పక్క సిమెంటు స్లాబు బొమ్మ, దాని కింద 'పక్కా ఇల్లు'. ఆ పాఠం చెప్పాక "మీది ఏ ఇల్లు?" అని సారు అడిగితే మన గూడేల పిల్లలు గొంతు తగ్గించి జవాబు చెప్పేవాళ్లు. మాలో చాలామందిమి అలా చెప్పినవాళ్లమే. ఆ రోజు మనం నేర్చుకున్నది ఇళ్లలో రకాలు మాత్రమే కాదు. మన తాత కట్టిన ఇంటిని చూసి సిగ్గుపడడం కూడా నేర్చుకున్నాం.

కచ్చా అంటే హిందీలో పచ్చిది, ఉడకనిది, పూర్తికానిది. ఈ మాట బడిలోనే ఆగలేదు, ప్రభుత్వ లెక్కల్లోకీ వెళ్లింది. 2011 జనగణనలో గోడ, కప్పు రెండూ గడ్డి, వెదురు వంటివాటితో ఉన్న ఇంటిని 'తాత్కాలిక' ఇల్లుగా లెక్కించారు. మట్టి గోడ ఉంటే తాత్కాలికమే కానీ పనికొచ్చేది. వెదురు గోడ, గడ్డి గోడ అయితే పనికిరానిది. ప్లాస్టిక్ పట్టా కట్టుకుని బతికే గుడారాన్ని కూడా ఆ చివరి గడిలోనే వేశారు. తరతరాలుగా నేర్చిన తడిక అల్లికకూ, దిక్కులేక కట్టుకున్న పట్టాకూ ఆ లెక్కలో తేడా లేదు. ఇంట్లో ఏ సరుకు వాడారన్నదే చూశారు. ఆ సరుకుతో ఏ ఆలోచన చేశారన్నది ఎవరూ చూడలేదు.

ఈ వ్యాసంలో మనం ఆ ఆలోచన గురించి మాట్లాడుకుందాం.

నల్లమల చెంచుల ఇంటితో మొదలుపెడదాం. పాత చెంచు గుడిసె గుండ్రంగా ఉంటుంది. చుట్టూ వెదురు తడిక, పైన గోపురంలా పైకి పోయే గడ్డి కప్పు. గుండ్రంగా ఎందుకు కట్టారు? టీచర్లు దీన్ని లెక్కల తరగతిలో పిల్లలతో చేయించవచ్చు. పన్నెండు మీటర్ల తడిక ఉందనుకోండి. దాన్ని చతురస్రంగా నిలబెడితే లోపల 9 చదరపు మీటర్ల చోటు వస్తుంది. అదే తడికను గుండ్రంగా చుట్టితే దాదాపు 11.5 చదరపు మీటర్లు వస్తుంది. అదే వెదురు, అదే శ్రమ, చోటు మాత్రం ఎక్కువ. పైగా గుండ్రటి గోడకు మూలలు ఉండవు కాబట్టి గాలి పక్కలకు జారిపోతుంది. ఈ లెక్క కాగితం మీద వేసింది కాదు, అనుభవంతో తెలుసుకున్నది.

గోదావరి కొండల్లో కొండరెడ్ల ఇల్లు వేరు. గుంజలు పాతి, వెదురు బద్దలతో తడిక అల్లి, దానికి రెండు వైపులా మట్టి మెత్తుతారు. మట్టికి ఒక గుణం ఉంది. బరువు మోస్తుంది కానీ లాగితే పగులుతుంది. వెదురుకు ఇంకో గుణం ఉంది. లాగినా వంచినా తట్టుకుంటుంది. రెండూ కలిస్తే ఒకదాని లోపాన్ని ఒకటి పూడుస్తుంది. సిమెంటులో ఇనుప చువ్వలు పెట్టేది కూడా ఇందుకే. ఇంజనీరింగ్ కాలేజీలో మొదటి ఏడాది చెప్పే ఆ సూత్రాన్ని మన అవ్వలు పేడ కలిపిన మట్టిని చేత్తో మెత్తుతూ ఏటా అమలు చేశారు.

పొయ్యి పొగ సంగతీ అంతే. కిటికీ లేదు, పొగ నిండిపోతుంది, ఆరోగ్యానికి చెరుపు అని బయటివాళ్లు అన్నారు. అందులో నిజముంది. వంట చేసే ఆడవాళ్ల కళ్లూ ఊపిరితిత్తులూ ఆ పొగకు పాడయ్యాయి. కానీ ఆ పొగే వాసాలకు పట్టి, వెదురుకు పురుగు పట్టకుండా, గడ్డి త్వరగా కుళ్లకుండా కాచింది. మంచీ చెడూ రెండూ చెప్పుకుంటేనే అది చరిత్ర అవుతుంది.

సవరల ఊళ్లకు వెళితే ఇళ్లు ఒకదానికొకటి ఆనుకుని వరుసగా ఉంటాయి. ముందు పొడవాటి అరుగు ఉంటుంది. ఆ అరుగు ఒక ఇంటిది కాదు, వరుసది. లోపల ఎర్రమట్టి గోడ మీద బియ్యప్పిండితో బొమ్మలు వేస్తారు. ఈ రోజు సవర చిత్రాలని గుడ్డల మీద, కాగితాల మీద అమ్ముతున్నవి ఆ గోడల నుంచి దిగి వచ్చినవే. సవరల మధ్య తిరిగిన వెరియర్ ఎల్విన్ 1955లో వెలువరించిన తన పుస్తకంలో ఒక సంగతి వివరించాడు. ఆ బొమ్మ గోడకు అలంకారం కాదు. పెద్దలకూ దేవతలకూ అది ఇల్లు. వాళ్లు వచ్చి ఉండడానికే దాన్ని గీస్తారు. అంటే మనుషుల ఇంటి గోడ మీద పిండితో ఇంకో ఇల్లు కట్టారన్నమాట. ఇంతకన్నా తక్కువ సరుకుతో ఇంతకన్నా పెద్ద ఆలోచన చెప్పిన ఇల్లు మాకు తెలియదు.

మరి ఇన్ని ఆలోచనలున్న ఇల్లు 'పచ్చిది' ఎలా అయింది? ఆ మాట వెనుక అడవి చట్టాల కథ ఉంది.

1882లో మద్రాసు అటవీ చట్టం వచ్చింది. కొండల్లో రిజర్వు గీతలు పడ్డాయి. నిజాం రాజ్యంలోనూ అదే జరిగింది. పోడు మీద, పశువుల మేత మీద ఆంక్షలు పెట్టినట్టే ఇంటి గుంజ మీద, వాసం మీద, బొంగు మీద కూడా పెట్టారు. మన్యం తిరుగుబాట్ల గురించి, జోడేఘాట్‌లో 1940లో నేలకొరిగిన కుమ్రం భీం గురించి చెప్పుకునేటప్పుడు మనం భూమి పేరు ఎత్తుతాం, అడవి పేరు ఎత్తుతాం. అడవి అన్న మాటలో ఇల్లు కూడా ఉందని గుర్తు చేసుకోవాలి. ఇంటి చూరు నుంచి నిట్రాడు దాకా అన్నీ అడవి నుంచి వచ్చినవే. అడవి దారి మూస్తే ఇంటి దారి కూడా మూసుకుపోతుంది.

1927 భారత అటవీ చట్టం వెదురును చెట్ల లెక్కలో చేర్చింది. వృక్షశాస్త్రం ప్రకారం వెదురు గడ్డి జాతి. చట్టం ప్రకారం చెట్టు. కాబట్టి ఇంటి కోసం బొంగు కొడితే చెట్టు నరికిన నేరం. అదే కాలంలో ఆసిఫాబాద్ అడవుల పక్కన సిర్పూర్ కాగితం మిల్లు వెలిసింది. దాని ముడిసరుకు వెదురు. మిల్లుకు బండ్ల కొద్దీ వెదురు వెళ్లింది. ఆ వెదురు కొట్టిన కూలీ మాత్రం తన ఇంటి తడిక కోసం గార్డు ముందు నిలబడాల్సి వచ్చింది.

మంచి సరుకు అందనప్పుడు ఏం జరుగుతుంది? ముదురు బొంగు బదులు దొరికిన లేత బొంగు వాడతాం. దాన్ని నీళ్లలో నానబెట్టే వ్యవధి ఉండదు. రెండేళ్లలో పురుగు తింటుంది. గడ్డి బీళ్లు పోతే కప్పు పలచబడుతుంది, వాన కురుస్తుంది. అప్పుడు ఎవరో వచ్చి చూసి "ఇది కచ్చా ఇల్లు" అని రాసుకుంటారు. ముందు సరుకు పోయింది. తర్వాత పనితనం పోయింది. చివరికి పేరు పోయింది.

ఆ తర్వాత చట్టాలు కొంత మారాయి. 2006 అటవీ హక్కుల చట్టం వెదురును చిన్నతరహా అటవీ ఫలసాయంలో చేర్చి, హక్కుదారులకు దాని మీద యాజమాన్యం ఇచ్చింది. 2017లో పార్లమెంటు 1927 చట్టాన్ని సవరించి చెట్టు నిర్వచనం నుంచి వెదురును తీసేసింది. ఆ సవరణ అడవి బయట పెంచే వెదురు కోసం తెచ్చినది. అడవి లోపలి వెదురుకు మనకున్న ఆధారం 2006 చట్టమే. ఈ తేడా మన యువకులకు తెలిసి ఉండాలి.

మన దగ్గర ఇలా జరుగుతుండగా బయటి ప్రపంచంలో ఇంకో కథ నడిచింది. పేరున్న వాస్తుశిల్పులు 'పనికిరాని' సరుకుల వైపు చూడడం మొదలుపెట్టారు.

షిగేరు బాన్ జపాన్ దేశస్తుడు. 1995లో కోబే నగరంలో భూకంపం వచ్చి ఇళ్లు కూలినప్పుడు ఆయన కాగితపు గొట్టాలను వరుసగా నిలబెట్టి గోడలు చేశాడు. పునాదికి బీరు సీసాల పెట్టెలు తెచ్చి ఇసుక బస్తాలతో నింపాడు. 2001లో మన గుజరాత్‌లో భుజ్ భూకంపం వచ్చింది. అక్కడ బీరు పెట్టెలు దొరకలేదు. కూలిన ఇళ్ల రాళ్లూ రప్పలూ పునాది అయ్యాయి. గోడలకు కాగితపు గొట్టాలే వాడాడు. నేలకు ఆ ఊరి పద్ధతిలో మట్టి వేశారు. కప్పుకు వెదురు బద్దలు వంచి పైన చాపలు పరిచారు. 2014లో ఆయనకు ప్రిట్జ్‌కర్ బహుమతి వచ్చింది. వాస్తుశిల్పంలో ప్రపంచం ఇచ్చే పెద్ద గౌరవం అది.

కొలంబియా దేశానికి చెందిన సిమోన్ వేలెజ్ 2000లో జర్మనీలోని హానోవర్ ప్రపంచ ప్రదర్శనకు వెదురుతో పెద్ద గొడుగులాంటి మండపం కట్టాడు. జర్మనీ అధికారులు మొదట నమ్మలేదు. అందుకని అదే కొలతలతో ముందుగా కొలంబియాలోని మనిజాలెస్ నగరంలో ఒకటి కట్టి, బరువులతో పరీక్షించి చూపించాల్సి వచ్చింది. అది నిలిచింది. ఆ తర్వాతే హానోవర్‌లో అనుమతి దొరికింది. వెదురు మీద అనుమానం మన దగ్గరే కాదు, అంతటా ఉంది. ఆ అనుమానాన్ని కట్టి చూపించి తీర్చారు.

ఇంగ్లండులో పుట్టి మన దేశంలో స్థిరపడిన లారీ బేకర్ ఇంకా దగ్గరివాడు. ఆయన హిమాలయాల్లో పిథోరాగఢ్ దగ్గర ఏళ్ల తరబడి ఉన్నాడు. తాను చదివిన చదువు అక్కడ పనికిరాలేదనీ, కొండ ఊళ్ల జనం రాయితో, మట్టితో కట్టే తీరు చూసే అసలు పని నేర్చుకున్నాననీ దాచుకోకుండా చెప్పాడు. తర్వాత కేరళలో తక్కువ ఖర్చు ఇళ్లకు ఆయన పేరు నిలిచిపోయింది.

వీళ్ల పనిని మేము తక్కువ చేయడం లేదు. బాన్ కట్టిన ఇంట్లో నిలువనీడ లేని కుటుంబాలు తలదాచుకున్నాయి. మా ప్రశ్న వేరే. వెదురు, మట్టి, కాగితం వాళ్ల చేతిలో 'కొత్త ఆలోచన' అయ్యాయి. మన చేతిలో అదే వెదురు, అదే మట్టి 'తాత్కాలికం, పనికిరానిది' అయ్యాయి. సరుకు ఒకటే. తేడా ఎక్కడుంది? వాళ్లు గీశారు, కొలిచారు, పరీక్షించారు, రాశారు. బేకర్ ఎవరి దగ్గర నేర్చుకున్నాడో ఆ కొండ మేస్త్రీల పేర్లు మనకు తెలియవు. మన గూడెంలో కప్పు కట్టడంలో ఆరితేరిన పెద్దాయన పేరు కూడా రేపు ఎవరికీ తెలియదు.

అలాగని యువకులంతా మళ్లీ గడ్డి ఇంట్లోకి వెళ్లాలని మేము చెప్పడం లేదు. నిప్పు పడితే గూడెం గూడెం కాలిపోయిన రోజులు మనకు గుర్తున్నాయి. ఏటేటా కప్పు నేయడం, చెదతో పోరాటం, వానాకాలం పాము భయం, ఇవి పట్నంలో కూర్చుని మట్టి ఇంటిని పొగిడేవాళ్లకు తెలియవు. స్లాబు ఇల్లు కోరుకోవడం తప్పు కాదు. తప్పు ఎక్కడుందంటే, పథకం ఇల్లంటే ఒకే నమూనా కావడం. ఎండాకాలం ఆ స్లాబు కింద పడుకోలేక చాలాచోట్ల మనవాళ్లు పక్కనే పాక వేసుకుంటున్నారు. డబ్బు పెట్టి కట్టింది గిడ్డంగి అయి, 'పనికిరాని' పాక ఇల్లయింది. దీన్ని ఏ గడిలో రాస్తారు?

ఎంపిక మనదైతే ఎలా ఉంటుందో మన దేవుళ్ల దగ్గర చూడవచ్చు. కేస్లాపూర్‌లో నాగోబాకు మెస్రం వంశం వాళ్లు సొంత చందాలతో రాతి గుడి కట్టుకున్నారు. 2022 డిసెంబరులో అది ప్రారంభమైంది. రాయి వద్దని వాళ్లకు ఎవరూ చెప్పలేదు, చెప్పకూడదు కూడా. అయినా జాతర వచ్చిందంటే సిరికొండ కుమ్మరి చేసిన కుండల్లో నీళ్లు తెచ్చి, ఆడపడుచులూ అల్లుళ్లూ కలిసి మట్టితో పుట్టలు చేస్తారు. రాతి గుడి వచ్చినా మట్టి పోలేదు. మేడారంలో కోట్లమంది చూసే జాతరలో గద్దె మీదికి మొదట చేరేవాటిలో అడవి నుంచి తెచ్చిన వెదురు ఉంటుంది. దాన్ని 'వనం' అంటారు. ఒక్క వెదురు కర్ర నిలబెట్టి అడవినంతా తెచ్చామని చెప్పే జాతికి సరుకుతో ఆలోచన చెప్పడం ఎవరూ కొత్తగా నేర్పనక్కర్లేదు.

కాబట్టి ఈ పుస్తకం చదివే యువకులకూ టీచర్లకూ మేము ఒక పని అప్పగిస్తున్నాం. మీ ఊళ్లో మిగిలిన పాత ఇళ్లలో ఒకదాన్ని ఎంచుకోండి. టేపు పట్టి కొలవండి. గోడ ఎత్తు, చూరు నేలకు ఎంత దూరం, నిట్రాడు ఏ కర్ర, తడికలో ఎన్ని బద్దలు, మట్టిలో ఏమేం కలిపారు, వెదురు ఏ నెలలో కొట్టారు, అన్నీ రాయండి. కట్టిన తాత పేరు, అలికిన అవ్వ పేరు పైన రాయండి. ప్రతి భాగానికీ మీ భాషలో ఏమంటారో ఆ మాటే రాయండి. గోండిలో, కోయలో, సవరలో, కువిలో ఆ మాటలు ఇంటితోపాటే కూలిపోతున్నాయి. పిల్లల చేత బొమ్మ గీయించండి.

రేపు మన పిల్లల్లో ఒకరు ఇంజనీరో వాస్తుశిల్పో అవుతారు. వాళ్లు మట్టితో కడతారో, ఉక్కుతో కడతారో వాళ్ల ఇష్టం. కానీ ఆ బల్ల మీద విదేశీ పుస్తకాల పక్కన మన గూడెం ఇంటి కొలతలున్న ఒక నోటు పుస్తకం కూడా ఉండాలి. అప్పుడు తరగతిలో "మీది ఏ ఇల్లు?" అని అడిగితే మన పిల్ల గొంతు తగ్గించదు. లేచి బోర్డు దగ్గరికి వెళ్లి గీసి చూపిస్తుంది.