ఐనోడ్

యూనిక్స్ తొలినాళ్లలో పుట్టిన మాట ఇది. డెన్నిస్ రిచీ, కెన్ థాంప్సన్ 1974లో ప్రచురించిన ప్రసిద్ధ వ్యాసంలో ‘ఐ-నోడ్’, ‘ఐ-నంబర్’, ‘ఐ-లిస్ట్’ మూడూ కనిపిస్తాయి. ముందున్న ‘ఐ’ ఏమిటన్నది తనకూ కచ్చితంగా తెలియదనీ, బహుశా ‘ఇండెక్స్’ అయి ఉంటుందనీ రిచీ తర్వాత చెప్పారు. ఫైళ్ల వివరాలన్నీ డిస్కు మీద ఒకే వరుస పట్టికలో ఉండేవి కాబట్టి ఆ ఊహ సబబే.

ఐనోడ్‌లో ఫైలు యజమాని, పరిమాణం, అనుమతులు, డేటా ఉన్న చోటు అన్నీ ఉంటాయి. పేరు మాత్రం ఉండదు. పేరు, దాని పక్కన ఐనోడ్ నంబరు డైరెక్టరీలో ఉంటాయి. సర్వే నంబరు ఒకటే అయినా ఆ చెలకను ఊళ్లో పలు పేర్లతో పిలిచినట్టు, ఒకే ఐనోడ్‌కు ఎన్నో పేర్లు ఉండవచ్చు. వాటినే హార్డ్ లింకులంటారు.

అందుకే పేరు నుంచి నంబరు తెలుసుకోవడం తేలిక. ‘ఎల్ఎస్’ ఆదేశానికి ‘ఐ’ ఆప్షన్ చాలు. నంబరు నుంచి పేరు కావాలంటే సాధారణంగా డైరెక్టరీలన్నీ గాలించాలి. 1979 నాటి యూనిక్స్ ఏడో ఎడిషన్‌లోనే ఇందుకు ‘ఎన్‌చెక్’ అనే ఆదేశం ఉండేది. లినక్స్‌లో ఎక్స్‌ట్ ఫైల్ సిస్టమ్‌ల ‘డీబగ్ఎఫ్ఎస్’లో అదే పేరుతో నేటికీ ఉంది. ‘ఫైండ్’కు ‘ఐనమ్’ ఆప్షన్ ఇచ్చినా పని జరుగుతుంది. అయితే ఐనోడ్ నంబరు ఒక ఫైల్ సిస్టమ్ వరకే ప్రత్యేకం. కాబట్టి వెతుకులాట దాన్ని దాటకుండా ‘ఎక్స్‌డెవ్’ ఆప్షన్ కూడా తప్పక జోడించండి.