సంచీ మోసేవాళ్ళు: గోల్ఫ్ అభిమానుల పుస్తకాలు, పాటలు, వాటి వెనక చరిత్ర

చరిత్ర వ్యాసం అంటే మన దగ్గర బీదర్ కోట, మహమూద్ గవాన్ మదరసా, బసవకల్యాణం, వీటి మీదే ఎక్కువగా రాస్తాం. నేను గోల్ఫ్ మీద రాస్తానంటే నా స్నేహితులు నవ్వారు. హళ్ళిఖేడ్ (బి)లో చెరుకు పొలాలున్నాయి, చక్కెర కార్ఖానా ఉంది, గోల్ఫ్ మైదానం మాత్రం లేదు. మనం ఆ ఆటను చూసింది సినిమాల్లోనే. హీరోయిన్ తండ్రి బాగా డబ్బున్నవాడని చూపించాలంటే ఆయన చేతికి ఒక గోల్ఫ్ కర్ర ఇస్తారు. ఆయన వెనకాల ఒక కుర్రాడు సంచీ మోస్తూ నిలబడతాడు. ఆ కుర్రాడికి సినిమాలో మాటలే ఉండవు.

నేను రాయబోయేది ఆ కుర్రాడి గురించే. ఆటలో సంచీ మోసేవాడిని క్యాడీ అంటారు. గోల్ఫ్ అభిమానులు ఏ పుస్తకాలు ఇష్టపడతారు, ఏ సినిమాలు చూస్తారు, ఏ పాట వింటే చెవులు నిక్కబొడుచుకుంటాయి అని చదువుతూ పోతే, మళ్ళీ మళ్ళీ ఈ క్యాడీయే కనబడ్డాడు.

ముందు ఆట సంగతి. మైదానంలో 18 గుంతలుంటాయి. చిన్న బంతిని కర్రతో కొట్టి, వీలైనన్ని తక్కువ దెబ్బల్లో ఒక్కొక్క గుంతలో వేయాలి. మొత్తం తిరిగి రావడానికి నాలుగు గంటలు పడుతుంది. అందులో బంతిని కొట్టే సమయం లెక్కేస్తే కొన్ని నిమిషాలే! మిగతాదంతా నడక, ముచ్చట్లు. మన చిర్రగోనెలో (కన్నడంలో చిన్ని దాండు అంటారు కదా) అంత తీరిక ఎక్కడిది? చిర్ర గాల్లోకి లేచిందంటే పరుగే. గోల్ఫ్‌లో తీరిక ఉంది కాబట్టే కబుర్లు పుట్టాయి, కబుర్ల నుంచి కథలు, కథల నుంచి పుస్తకాలు వచ్చాయని నాకు అనిపిస్తుంది.

ఈ ఆట పెరిగింది స్కాట్లాండులో. 1457లో అక్కడి పార్లమెంటు గోల్ఫ్‌నూ ఫుట్‌బాల్‌నూ నిషేధించింది. జనం ఆటల్లో పడి విలువిద్య సాధన మానేస్తున్నారని రాజుకు కోపం. (మన ఇళ్ళల్లో సెల్‌ఫోన్ మీద వచ్చే కోపం లాంటిదే.) నిషేధం నిలవలేదు, ఆట నిలిచింది. గోల్ఫ్ ఒక్కదాని గురించే అచ్చయిన మొదటి పుస్తకం 1743లో వచ్చింది. అది నియమాల పుస్తకం కాదు, పద్య కావ్యం! రాసినవాడు థామస్ మాథిసన్. ఎడిన్‌బరో పక్కన లీత్ అనే చోట జరిగిన ఆటను పెద్ద యుద్ధంలా వర్ణిస్తూ సరదాగా రాశాడు. రాతపూర్వకమైన నియమాలు, మొత్తం 13, ఆ మరుసటి ఏడు 1744లో వచ్చాయి. అంటే నియమాల కంటే పద్యమే ముందు అచ్చయింది.

ఆ పద్యంలో గోల్ఫ్ కర్రలు చేసే డిక్సన్ అనే పనివాడి పేరు వస్తుంది. దానికి అరవై ఏళ్ళ ముందు, 1681-82 ప్రాంతంలో, అదే లీత్‌లో ఆండ్రూ డిక్సన్ అనే కుర్రవాడు డ్యూక్ ఆఫ్ యార్క్‌కు కర్రలు మోశాడు. పేరు నమోదైన మొదటి క్యాడీ అతనే అంటారు. తర్వాత అతను కర్రలు చేసే పనిలోకి వెళ్ళాడు. పద్యంలో ఉన్నది అతని కుటుంబం పేరే కావచ్చు. ఏదైనా గానీ, గోల్ఫ్ మీద వచ్చిన మొట్టమొదటి పుస్తకంలోనే దొరలతో పాటు ఒక చేతిపనివాడి పేరు ఉండటం నాకు నచ్చింది.

కర్ర, బంతి మన దక్కనుకూ కొత్త కాదు. గోల్ఫ్ నడిచే ఆట, ఇక్కడి సుల్తానులది గుర్రం మీద ఆడే ఆట. దాని పేరు చౌగాన్, ఇప్పటి పోలోకు తాత. ఢిల్లీ సుల్తాను కుతుబుద్దీన్ ఐబక్ 1210లో లాహోరులో చౌగాన్ ఆడుతూ గుర్రం మీద నుంచి పడి చనిపోయాడు, ఇది మన పాఠంలోనూ ఉంది. అక్బరు రాత్రిళ్ళు కూడా ఆడేవాడు. పలాశ కర్రతో, అంటే మన మోదుగ కర్రతో చేసిన బంతికి నిప్పంటించి, ఆ వెలుగులో ఆడేవారని అబుల్ ఫజల్ రాశాడు. ఈ ఆటకూ కవిత్వం తోడుగా వచ్చింది. హెరాత్‌కు చెందిన ఆరిఫీ అనే కవి 15వ శతాబ్దంలో బంతినీ కర్రనూ పాత్రలుగా చేసి పారశీకంలో ఒక కావ్యమే రాశాడు. హైదరాబాదు కట్టించిన మహమ్మద్ కులీ కుతుబ్ షా దక్కనీలో రాసిన కవితల్లో పండుగలు, వానలతో పాటు ఆటలు కూడా ఉన్నాయి. చౌగాన్ గురించీ రాశాడు, కబడ్డీ గురించీ రాశాడు. రాజుల ఆటనూ కూలోళ్ళ పిల్లల ఆటనూ ఒకే కలంతో రాయడం చిన్న సంగతి కాదు.

గోల్కొండ పేరుతో ఇంకో కథ ఉంది. 1896 అక్టోబరులో విన్‌స్టన్ చర్చిల్ అనే ఇరవై ఒక్క ఏళ్ళ సైనికాధికారి ఇంగ్లండు నుంచి బెంగళూరుకు వచ్చాడు. అప్పటికి ఆయన ప్రధానమంత్రి కాదు, పోలో పిచ్చి ఉన్న కుర్రాడు. వచ్చిన కొద్ది వారాలకే ఆయన జట్టు హైదరాబాదుకు వచ్చి, నిజాం సైన్యానికి చెందిన గోల్కొండ బ్రిగేడు జట్టును ఓడించి గోల్కొండ కప్పు గెలుచుకుంది. అప్పుడు మన బీదరు కూడా నిజాం రాజ్యంలోదే.

ఆటకంటే నాకు ఆసక్తి కలిగించింది ఆయన మిగతా రోజు ఎలా గడిచిందన్నది. పొద్దున కవాతు, సాయంత్రం అయిదింటికి పోలో. మధ్యలో ఎండకు బయటికి వెళ్ళలేరు. ఆ మధ్యాహ్నాల్లో ఆయన తల్లికి ఉత్తరం రాసి పుస్తకాలు తెప్పించుకున్నాడు. రోము సామ్రాజ్య పతనం మీద గిబ్బన్ రాసిన సంపుటాలు, మెకాలే చరిత్ర, ఇవన్నీ బెంగళూరు ఎండలోనే చదివాడు. బంగళా తోటలో గులాబీలు పెంచాడు, సీతాకోకచిలుకలు పట్టి దాచుకున్నాడు. బడిలో వెనకబడిన ఆయన చదువరి అయింది మన కర్ణాటకలోనే అనొచ్చు. అయితే మనవాళ్ళ గురించి తర్వాత ఆయనకున్న అభిప్రాయాలు మంచివి కావు, ఆయన చదివిన పుస్తకాలు దాన్ని మార్చలేదు. ఆయన తీరికగా చదువుకుంటుంటే గుర్రాలను కడిగి, తోమి, అయిదింటికి సిద్ధం చేసినవాళ్ళు ఇక్కడి సాయీసులు. వాళ్ళు ఆ మధ్యాహ్నాలు ఎలా గడిపారో రాసిన పుస్తకం లేదు.

గోల్ఫ్ ఈ దేశానికి ఇంగ్లీషువాళ్ళతోనే వచ్చింది. కలకత్తా క్లబ్బు 1829లో, బెంగళూరు క్లబ్బు 1876లో మొదలయ్యాయి. క్లబ్బులతో పాటు వాటి పుస్తకాలూ వచ్చాయి. పి.జి. ఊడ్‌హౌస్ గోల్ఫ్ హాస్యకథలు 1922లో ఒక సంపుటంగా, 1926లో ఇంకొకటిగా వెలువడ్డాయి. క్లబ్బు వరండాలో కూర్చున్న ఒక ముసలాయన దొరికినవాడినల్లా పట్టుకుని పాత ఆటల కథలు చెబుతుంటాడు, తప్పించుకుపోవడం ఎవరి తరం కాదు. మన ఊరి రచ్చకట్ట మీద కూడా అలాంటి తాతలున్నారు, పేర్లు చెప్పను.

ఇక అసలు సంగతికి వస్తాను. గోల్ఫ్ అభిమానులు ఎక్కువగా చెప్పుకునే కథల్లో ఒకటి 1913 నాటిది. అమెరికాలో ఫ్రాన్సిస్ విమెట్ అనే 20 ఏళ్ళ కుర్రాడు, ఒకప్పుడు క్యాడీగా పనిచేసినవాడు, ఇంగ్లండు నుంచి వచ్చిన ఇద్దరు మహా ఆటగాళ్ళను ఓడించి యూఎస్ ఓపెన్ గెలిచాడు. అతని సంచీ మోసింది పదేళ్ళ పిల్లాడు. దీని మీద పుస్తకం వచ్చింది, 2005లో సినిమా కూడా వచ్చింది. ఇంకొకటి హార్వీ పెనిక్ చిన్న ఎర్ర పుస్తకం. ఆయన ఎనిమిదేళ్ళప్పుడు క్యాడీగా చేరి, తర్వాత ఆట నేర్పే గురువయ్యాడు. తనకు తోచిన చిట్కాలన్నీ దశాబ్దాల పాటు ఒక ఎర్ర నోటుబుక్కులో రాసుకున్నాడు. చాలాకాలం ఎవరికీ చూపించలేదు. 1992లో అచ్చువేస్తే పది లక్షలకు పైగా ప్రతులు పోయాయి. (నోట్సు రాయమని సార్లు ఎందుకు గోల పెడతారో ఇప్పుడు తెలిసింది.)

మూడోది వింటే మీరు ఆశ్చర్యపోతారు. 1995లో స్టీవెన్ ప్రెస్‌ఫీల్డ్ రాసిన 'ద లెజెండ్ ఆఫ్ బ్యాగర్ వాన్స్' అనే నవల. యుద్ధంలో మనసు విరిగిన ఒక ఆటగాడు ఇక ఆడలేనని కూలబడితే, అతని క్యాడీ దగ్గరుండి ధైర్యం చెప్పి ఆడిస్తాడు. ఆటగాడి పేరు ఆర్. జూనా. కలిపి చదవండి: అర్జునా! క్యాడీ పేరు బ్యాగర్ వాన్స్, అది భగవాన్. భగవద్గీతను ఆధారం చేసుకునే రాశానని రచయితే చెప్పాడు. మన ఇళ్ళల్లో పటంలో చూస్తాం కదా, అర్జునుడు రథంలో పైన, కృష్ణుడు ముందు పగ్గాలు పట్టుకుని కింద. సారథి అంటే పనివాడి స్థానమే. ఆ స్థానాన్ని గోల్ఫ్‌లో వెతికితే రచయితకు క్యాడీ దొరికాడు.

2000లో ఈ నవల సినిమాగా వచ్చింది. విల్ స్మిత్ క్యాడీ వేషం వేశాడు. దీని మీద విమర్శ కూడా వచ్చింది. ఒక నల్లజాతి మనిషికి ఇంత జ్ఞానం ఉంటే, దాన్నంతా తెల్లవాడి ఆట బాగుచేయడానికే వాడతాడా, తన వాళ్ళ కష్టాలు అతనికి పట్టవా అని దర్శకుడు స్పైక్ లీ వంటివాళ్ళు అడిగారు. ఈ ప్రశ్న న్యాయమైనదే అని నాకు అనిపించింది. పుస్తకంలో క్యాడీని దేవుణ్ణి చేయడం సులువు, క్లబ్బులో సభ్యుణ్ణి చేయడమే కష్టం.

పాట సంగతి చూస్తే అదే తేలుతుంది. అమెరికాలో అగస్టా అనే ఊళ్ళో ఏటా మాస్టర్స్ పోటీ జరుగుతుంది. 1982 నుంచి టీవీలో ఆ పోటీ మొదలయ్యే ముందు డేవ్ లాగిన్స్ కట్టిన ఒక నెమ్మదైన బాణీ వేస్తారు. గోల్ఫ్ అభిమానులకు ఆ బాణీ వింటే, మనకు దసరా డప్పు వింటే ఎట్లుంటదో అట్లుంటదట. ఆ బాణీ మొదలైన ఏడు కూడా అక్కడ ఆటగాళ్ళు సొంత క్యాడీని తెచ్చుకోకూడదు. క్లబ్బు క్యాడీలే మోయాలి, వాళ్ళంతా నల్లజాతివాళ్ళు. ఆ క్లబ్బులో మొదటి నల్లజాతి సభ్యుడు చేరింది 1990లో. మహిళలకు సభ్యత్వం ఇచ్చింది 2012లో.

మన వైపు చూద్దాం. గోల్కొండ కోట పక్కన నయా ఖిల్లా అనే భాగం ఉంది, 17వ శతాబ్దంలో మొగలుల దాడులకు భయపడి కోటను పెంచినప్పుడు కట్టింది. ఇప్పుడు అక్కడ 18 గుంతల గోల్ఫ్ మైదానం ఉంది. ఆ గోడల లోపలే ముల్లా ఖయాలీ అనే కవి పేరుతో మసీదు, ఆఫ్రికా జాతికి చెందిన పెద్ద బోబాబ్ చెట్టు ఉన్నాయి. ఆ చెట్టును హతియాన్ కా ఝాడ్ అంటారు. దాని బోలు మానులో దొంగలు దాక్కునేవారని అక్కడివాళ్ళు చెప్పుకుంటారు. కోట స్థలంలో ఆట మైదానం ఏమిటని చరిత్ర ప్రేమికులు ఏళ్ళుగా అభ్యంతరం చెబుతున్నారు. నాకైతే వాళ్ళ మాటే సరైనదనిపిస్తుంది. గోల్ఫ్ మైదానం ఇంకోచోట కట్టుకోవచ్చు, నయా ఖిల్లాను ఇంకోచోట కట్టలేం.

మన దేశంలో క్యాడీలు కథల్లోనే ఉండిపోలేదు. ఢిల్లీలో క్యాడీగా మొదలైన అలీ షేర్ 1991లో ఇండియన్ ఓపెన్ గెలిచాడు. వృత్తి ఆటగాళ్ళలో ఆ కప్పు గెలిచిన మొదటి భారతీయుడు ఆయనే. 2009లో అదే కప్పును మన రాష్ట్రానికి చెందిన సి. మునియప్ప గెలిచాడు. కూలి పని చేసుకునే కుటుంబం, బెంగళూరులో కర్ణాటక గోల్ఫ్ అసోసియేషన్ మైదానంలో క్యాడీగా ఆట నేర్చుకున్నాడు. కొరియా ఆటగాడితో సమానంగా నిలిచి, అదనపు ఆటలో ఓడించాడు. ఆయన మీద ఇంకా సినిమా రాలేదు. వస్తే మన హీరోయిన్ తండ్రి వెనక నిలబడే కుర్రాడికి కూడా మాటలొస్తాయేమో.

అదే బెంగళూరు మైదానం పక్కన హోటల్లో టిఫిను తింటూ అయిదేళ్ళ అదితి అశోక్ ఈ ఆటను మొదటిసారి చూసింది. ఇంట్లో ఎవరికీ గోల్ఫ్ రాదు. అమ్మ, నాన్న, కూతురు ముగ్గురూ కలిసే మొదలుపెట్టారు. 2016 రియో ఒలింపిక్స్‌లో ఆమె సంచీ నాన్న మోశాడు. 2021 ఆగస్టులో టోక్యోలో ఆమె నాలుగో స్థానంలో నిలిచింది, ఒక్క దెబ్బ తేడాతో పతకం పోయింది. అప్పుడు ఆ ఎండలో నాలుగు రోజులూ సంచీ భుజాన వేసుకుని పక్కన నడిచింది వాళ్ళమ్మ.