సినీ కార్మికుల ప్రమాద పరిహారం

షూటింగులో గాయపడిన కార్మికుడికి నిర్మాత చట్టప్రకారం చెల్లించాల్సిన సొమ్ము. బోరబండ, కృష్ణానగర్ బస్తీల నుంచి ఫిలింనగర్ సెట్లకు వెళ్లే లైట్‌మ్యాన్లు, సెట్ కార్మికులు, ఫైటర్లకు ఇది దయ కాదు, హక్కు. 1923 నాటి నష్టపరిహార చట్టం రెండో షెడ్యూలులోనే సినిమా నిర్మాణం ఉంది. 2025 నవంబరు 21న దాని స్థానంలో సామాజిక భద్రతా స్మృతి అమల్లోకి వచ్చింది.

శాశ్వత పూర్తి వైకల్యానికి నెల వేతనంలో 60 శాతాన్ని వయసు గుణకంతో హెచ్చిస్తారు. పాత చట్టం కింద 2020లో ప్రకటించిన రూ.15,000 వేతన పరిమితి ప్రకారం, 30 ఏళ్లవాడికి గుణకం 207.98; పరిహారం రూ.18,71,820.

రోజు బేటాకు పనిచేసేవాడి చేతిలో నియామక పత్రం అరుదు. ఆ రోజు సెట్‌లో ఉన్నాడని చూపడమే అసలు చిక్కు. యూనియన్ కార్డు, పనికి పిలిచిన నమోదు, తోటివాళ్ల సాక్ష్యం అక్కడే అక్కరకొస్తాయి. తెలుగు ఫిలిం ఫెడరేషన్ కింద 24 క్రాఫ్టుల సంఘాలున్నాయి. రిజిస్టరైన యూనియన్ ప్రతినిధి కార్మికుడి తరఫున పరిహారం తేల్చే అధికారి ముందు హాజరుకావచ్చు. ఆసుపత్రి బిల్లు కట్టి, చేతిలో కొంత పెట్టి, హక్కు వదులుకున్నట్టు సంతకం చేయించుకున్నా ఆ కాగితం చెల్లదు.