ఇబ్న్ ఫిర్నాస్ రెక్కలు - పిట్టల లెక్క

"మొట్టమొదట గాలిలో ఎగిరిందెవరు?" అని మన పిల్లల్ని అడిగితే "రైట్ సోదరులు" అని ఠక్కున చెబుతారు. 1903లో ఇంజను బిగించిన విమానాన్ని నడిపింది వారే, సందేహం లేదు. అయితే అంతకు వెయ్యేళ్ల ముందే స్పెయిన్ దేశపు కార్డోబా నగరంలో, మనవాళ్లు ఖుర్తుబా అనే ఊళ్లో, అబ్బాస్ ఇబ్న్ ఫిర్నాస్ అనే పండితుడు ఈ సాహసం చేశాడు. ఆయన 887లో కాలం చేశాడు.

ఒంటికి ఈకలు అంటించుకొని, రెక్కలు కట్టుకొని, ఎత్తు మీది నుంచి దూకి చాలా దూరమే ఎగిరాడనీ, దిగేటప్పుడు నడుముకు గట్టి దెబ్బ తగిలిందనీ 17వ శతాబ్దపు చరిత్రకారుడు అల్ మక్కరీ రాశాడు. పక్షి తోక ఆసరాతో దిగుతుందన్న సంగతి తెలియక ఆయన తోక పెట్టుకోలేదట!

మరి తోక ఒక్కటీ ఉంటే సరిపోయేదా? సరిపోదు. అసలు చిక్కు సైజులో ఉంది. ఒక పావురాన్ని అదే ఆకారంలో రెండింతలు పొడుగు చేశామనుకోండి. రెక్కల వైశాల్యం నాలుగింతలవుతుంది, బరువు మాత్రం ఎనిమిదింతలవుతుంది. అంటే రెక్కలో ప్రతి అంగుళం రెట్టింపు బరువు మోయాలి. అందుకే పెద్ద పక్షికి గాలిలో నిలవాలంటే ఎక్కువ వేగం కావాలి. ఒకప్పుడు మన రోళ్లపాడు బీళ్లలో తిరిగిన బట్టమేక పిట్ట 15 కిలోల దాకా తూగుతుంది. నేడు ఎగిరే పక్షుల్లో అంతకు మించినవి బహు అరుదు. మనిషో? అరవై డెబ్బై కిలోలు!

ఈ కొలతల సూత్రాన్ని 1638లో గెలీలియో వివరించాడు. 1680లో అచ్చయిన గ్రంథంలో ఇటలీవాడే అయిన బొరెల్లి కండల లెక్క తీశాడు. పక్షి బరువులో ఆరో వంతు రెక్కలాడించే కండలేననీ, మనిషికి అందులో లేశమైనా లేదనీ, కనుక చేతులు ఆడించి ఎగరడం కల్ల అనీ తేల్చాడు.

చిన్న ప్రాణుల కథ వేరు. తేనెటీగ సెకనుకు 200 సార్లకు పైగా రెక్కలాడిస్తుంది. విమానం లెక్క ప్రకారం ఈగలు ఎగరలేవని 1934లో ఫ్రాన్సు శాస్త్రజ్ఞుడు మాన్యాఁ రాశాడు. ఈగలు మాత్రం ఎగురుతూనే ఉన్నాయి! తప్పు లెక్కదే. కీటకం రెక్క ముందంచు మీద ఓ చిన్న సుడిగాలి పుట్టి దాన్ని పైకి లాగుతుందని 1996లో కేంబ్రిడ్జిలో ఎల్లింగ్టన్ బృందం ఒక చిమ్మట మీద పరీక్షించి చూపింది.

చివరకు 1977లో అమెరికాలో మనిషి సొంత బలంతోనే చక్కగా ఎగిరాడు. చేతులతో కాదు, సైకిలు తొక్కినట్లు కాళ్లతో! ఆ యంత్రం బరువు 32 కిలోలే, రెక్కల పొడవు మాత్రం 96 అడుగులు.

అంతకు ముందు సంవత్సరమే, 1976లో, చంద్రుడి మీది ఒక బిలానికి ఇబ్న్ ఫిర్నాస్ పేరు పెట్టారు. తోక మరిచాడని నవ్వడం తేలికే. కానీ ఎందుకు పడ్డాడని ఆలోచించినవారే లెక్కను ముందుకు నడిపారు. రేపు మన ఇంట్లో పిల్లవాడు "పిట్ట ఎలా ఎగురుతుంది?" అని అడిగితే కసురుకోకండి. అంగుళాల బద్దా, త్రాసూ చేతికిచ్చి, పక్కన కూర్చోండి.