పెరుగు తోడునుండి చేపల మేతవరకు



నేడు నేను ప్రసంగింపబూనిన విషయము చేపల మేతలో గలుపు మేలిక్రిములను గూర్చినది. వీనిని ప్రోబయాటిక్కులని పిలుచుచున్నారు. పేరు క్రొత్తదే గాని, ఆ పని మన యింట ప్రతి రాత్రియు జరుగునదే. గోరువెచ్చని పాలలో తోడు వేసి యుంచుదుము, తెల్లవారుసరికి పెరుగగును. తోడులోని కంటి కగపడని జీవులు పాలను పులియబెట్టి, చెడుక్రిములను పెరుగనీయవు. మన పూర్వులు ఆ జీవులను జూచిరని నేననను. ఫలమును మాత్ర మెరిగిరి. చరకుడు గ్రహణీరోగమునకు మజ్జిగను ప్రశంసించెను.

కారణమును విచారించినవారిలో ముఖ్యుడు మెచ్నికాఫ్ అను రష్యాదేశపు పండితుడు. ఆయన ప్యారిస్ నగరమున పాశ్చరు సంస్థలో నుండి, బల్గేరియా రైతుల దీర్ఘాయువునకు పెరుగే హేతువని తలచి, 1907లో నొక గ్రంథమున తన మతమును ప్రకటించెను. పెరుగు ఆయుర్దాయమును పెంచునను మాట ఋజువు కాలేదు. ప్రేగులలోని మంచిక్రిములు చెడువానిని అణచునను భావము మాత్రము నిలిచినది.

ఇక చేపల సంగతి. పూర్వము బొచ్చె, శీలావతి పిల్లలను నదులనుండి పట్టి తెచ్చి చెరువులలో విడిచెడివారు. 1957లో హీరాలాల్ చౌధురి గారు ఒరిస్సాయందు పీయూషగ్రంథి సారమును సూదితో నెక్కించి, అట్టి చేపలచే గ్రుడ్లు పెట్టించిరి. నాటినుండి పిల్లకు కొరత తీరుచు వచ్చెను. నా బాల్యమున వరి పండిన మా కొల్లేటి ప్రాంతపు చేలు నేడు చేపల చెరువులు.

చేపలు క్రిక్కిరిసినచోట తెగులు తప్పదు. తెగులు సోకినంతనే ఆంటీబయాటిక్ మందులను తవుడులో గలిపి, చిల్లుల సంచులకెత్తి చెరువులో వ్రేలాడగట్టుట పలువుర కలవాటయ్యెను. పెనిసిలిన్‌ను గనుగొన్న ఫ్లెమింగ్ పండితుడు 1945లోనే, మందును చాలీచాలక వాడినచో క్రిములు దానికి లొంగకుండ అలవడునని హెచ్చరించెను. చెరువులో మొండికెత్తిన క్రిమి చెరువుననే యుండిపోదు. రేపు మన మనుమనికి జ్వరము వచ్చిననాడు, ప్రాణము నిలుపవలసిన మందు పనిచేయకపోవచ్చును.

ఇట్టి మందులకు మారుగ వేరొక త్రోవ జపానుదేశమున దోచినది. 1986లో కొజాసా అను శాస్త్రజ్ఞుడు బాసిల్లస్ జాతి క్రిముల బీజములను ఎల్లోటెయిల్ అను సముద్రపు చేపకు మేతతో నిచ్చి, దాని పెరుగుదల హెచ్చుట గమనించెను. చేపల పెంపకమున నిదియే మొదటి ప్రయోగమని యెన్నుదురు. ఈ బీజములు వేడిని కొంత తాళును. ప్రేగును జేరి మొలకెత్తి, చెడుక్రిములకు చోటును ఆహారమును దక్కనీయక, మేత జీర్ణమగుటకు తోడ్పడును.

అయిన నిది మంత్రము కాదు. నా తమ్ముని కుమారుడు ఒక వ్యాపారి మాట నమ్మి, ఈ పొడిని ఆంటీబయాటిక్ మందును ఒకే సంచిలో గలిపి వేసెను. మరగుచున్న పాలలో తోడు వేసినట్లయినది. సొమ్మును పోయెను, చేపలును పోయెను. వానిపై గోపించితిని గాని, పిదప నాకే సిగ్గు కలిగెను. ఊరిబిడ్డల కెల్ల పాఠములు చెప్పిన నేను, ఇంటివానికి ఈ పాఠము చెప్పనైతిని. అందులకే నేడు మీకు జెప్పుచున్నాను.

పొట్లముపై గడువు తేదీని చదివించుకొనుడు. పొడిని ఎండ తగులనిచోట నుంచుడు. మేతను ఉడికించినచో, చల్లారిన పిదపనే కలుపుడు. తెగులు వచ్చిన పిదప గాదు, రాకముందే వాడుడు. చేపపేనును ఇది చంపదు. తెల్లవారుజామున చేపలు నీటిపైకి వచ్చి నోళ్లు తెరచుచున్నచో, వానికి వలసినది గాలి గాని పొడి కాదు. ఏ మందు వాడవలెనన్నను ముందుగా మత్స్యశాఖవారి నడుగుడు.

తోడు మంచిదైనను, కుండ కడుగనిచో పెరుగు చెడును. చెరువు సంగతియు నంతే. ఇక సెలవు.