గ్రేడింగ్, పునఃసమర్పణ, చారిత్రక ఆధారం: అమెరికన్ బేస్‌బాల్ కార్డులు - ఒక పరిశీలన

వ్యాస సంగ్రహం:
అమెరికాలో క్రీడాకారుల బొమ్మలతో అచ్చయిన కార్డులను పరీక్షించి, వాటి స్థితిని అంకెలలో నిర్ణయించే సంస్థలు ఉన్నాయి. ఒకసారి గ్రేడు పొందిన కార్డును అంతకన్నా మంచి గ్రేడు ఆశించి మళ్ళీ పరీక్షకు పంపడమే పునఃసమర్పణ. యజమానికి ఇది లాభనష్టాల లెక్క. చరిత్రకారునికి ఆధారాల విశ్వసనీయతకు సంబంధించిన సమస్య. ఈ రెండింటి మధ్య ఉన్న సంబంధాన్ని హోనస్ వాగ్నర్ కార్డు ఉదాహరణతో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలక పదాలు: బేస్‌బాల్ కార్డులు, గ్రేడింగ్, పునఃసమర్పణ, పాపులేషన్ రిపోర్టు, హోనస్ వాగ్నర్.

1. నేపథ్యం:
గ్రేడింగ్ పద్ధతి కార్డులకు నాణేల నుంచి సంక్రమించింది. విలియం షెల్డన్ 1949లో తొలినాటి అమెరికన్ సెంటు నాణేలకు 70 అంకెల కొలమానాన్ని ప్రతిపాదించాడు. 1986లో మొదలైన పీసీజీఎస్ సంస్థ నాణేన్ని పరీక్షించి, గ్రేడు చీటీతో సహా ప్లాస్టిక్ తొడుగులో మూసి ముద్రించే విధానాన్ని అనుసరించింది. దాని సోదర సంస్థ పీఎస్‌ఏ 1991లో ఇదే విధానాన్ని కార్డులకు వర్తింపజేసి, 1 నుంచి 10 వరకు గ్రేడులు ఇవ్వసాగింది. మూలలు, అంచులు, ఉపరితలం, బొమ్మ చుట్టూ ఉన్న ఖాళీ సమంగా ఉండటం ఇందులో ప్రధాన ప్రమాణాలు. ప్రమాణాలు లిఖితమైనవే అయినా, నిర్ణయం మాత్రం మనిషి కంటిది. అందువల్ల ఒకే కార్డుకు రెండు పరీక్షల్లో రెండు గ్రేడులు రావడం అసంభవం కాదు. 2008లో పీఎస్‌ఏ అర గ్రేడులను ప్రవేశపెట్టడంతో, అంతకుముందు 8 పొందిన కార్డుకు 8.5 వస్తుందేమోనన్న ఆశకు ఆస్కారం ఏర్పడింది.

2. యజమాని లెక్క:
ఒక ఊహాత్మక ఉదాహరణ చూద్దాం. ఒక కార్డు ధర 7 గ్రేడులో 250, 8లో 400, 9లో 1000 డాలర్లు అనుకుందాం. పరీక్ష రుసుము 50 డాలర్లు. 8 గ్రేడు కార్డును తొడుగు పగలగొట్టి పంపితే 9 వచ్చే అవకాశం అయిదింట ఒకటి, 7కు పడిపోయే అవకాశం అయిదింట ఒకటి, మిగిలిన మూడు వంతులు 8గానే ఉండే అవకాశం అనుకుంటే, సగటు విలువ 490 డాలర్లు. రుసుము పోగా 440 మిగులుతుంది. పంపడమే లాభం. గ్రేడుల మధ్య ధరల అంతరం ఎక్కువగా ఉన్నచోట, పెరిగే అవకాశం స్వల్పమైనా పునఃసమర్పణ ఆకర్షణీయమవుతుంది. అంతరం రుసుమును మించనప్పుడు అది వృథా ప్రయాస.

3. ఆధారంలో చేరే దోషం:
ఏ కార్డుకు ఏ గ్రేడు ఎన్నిసార్లు ఇచ్చారో తెలిపే పట్టికను పాపులేషన్ రిపోర్టు అంటారు. అరుదైన కార్డుల సంఖ్యను అంచనా వేయడానికి పరిశోధకులు ఆశ్రయించేది దీనినే. విశ్వవిద్యాలయ పరీక్షల పునర్మూల్యాంకనంలో కొత్త మార్కు పాత మార్కు స్థానంలో చేరుతుంది. ఇక్కడ అలా కాదు. తొడుగు పగలగొట్టినవాడు పాత చీటీని సంస్థకు తిరిగి పంపకపోతే పాత నమోదు అలాగే నిలుస్తుంది. మూడుసార్లు 8, నాలుగోసారి 9 పొందిన ఒకే కార్డు పట్టికలో నాలుగు కార్డులుగా కనిపిస్తుంది.

ఇంతకన్నా ముఖ్యమైన దోషం మరొకటి ఉంది. తక్కువ గ్రేడు వచ్చిందని భావించినవాడే మళ్ళీ పంపుతాడు. అర్హతకు మించిన గ్రేడు పొందినవాడు మౌనంగా ఉంటాడు. అంటే యజమానికి నష్టం కలిగించిన పొరపాట్లు సవరణకు వస్తాయి, లాభం కలిగించినవి పదిలంగా మిగులుతాయి. కాలక్రమంలో పట్టిక మొత్తం పైగ్రేడుల వైపు మొగ్గుతుంది.

4. మళ్ళీ పంపని కార్డు:
అమెరికన్ టొబాకో కంపెనీ 1909-1911 మధ్య సిగరెట్ పెట్టెలతో పంచిన టి206 వరుసలో వాగ్నర్ కార్డు అత్యంత ప్రసిద్ధం. దాని ప్రతులలో ఒకదాన్ని 1991లో హాకీ క్రీడాకారుడు వేన్ గ్రెట్జ్‌కీ, బ్రూస్ మెక్‌నాల్ కలిసి వేలంలో 4,51,000 డాలర్లకు కొన్నారు. పీఎస్‌ఏ గ్రేడు ఇచ్చిన తొలి కార్డు ఇదే, గ్రేడు 8. 2007లో ఇది 28 లక్షల డాలర్లకు అమ్ముడైంది. దీని పూర్వ యజమాని, వేలం వ్యాపారి బిల్ మాస్ట్రో, 2013లో వేలం మోసాల కేసులో నేరం ఒప్పుకుంటూ, ఈ కార్డు అంచులను తానే కత్తిరించానని అంగీకరించాడు. కత్తిరించిన కార్డుకు అంకె గ్రేడు ఇవ్వకూడదన్నది పీఎస్‌ఏ నియమం. అయినా ఈ కార్డు 8 గ్రేడుతోనే ప్రసిద్ధమై ఉంది. తిరిగి పరీక్షకు పంపడం వల్ల దాని యజమానికి కలిగే ప్రయోజనం ఏమీ లేదు.

5. ముగింపు:
పునఃసమర్పణ స్వతహాగా మోసం కాదు. పొరపాటును సరిదిద్దుకునే హక్కు యజమానికి ఉంది. అయితే ఆ హక్కును వినియోగించుకునేది లాభం ఆశించినవారే కనుక, దాని ఫలితంగా తయారైన పట్టికను లెక్కించిన కార్డుల జాబితాగా కాక, జరిగిన నిర్ణయాల జాబితాగా చదవాలి. ఎవరు పునఃపరీక్ష కోరారన్న ప్రశ్నతోపాటు, ఎవరు కోరలేదన్న ప్రశ్ననూ పరిశోధకుడు వేసుకోవాలి. వాగ్నర్ కార్డు చరిత్ర ఈ రెండవ ప్రశ్న ప్రాధాన్యాన్ని స్పష్టం చేస్తోంది.