రూమా బావి చెప్పే చరిత్ర

సర్వస్తోత్రాలూ అల్లాహ్‌కే చెందుతాయి. దైవప్రవక్త ముహమ్మద్ (సఅసం)పై, ఆయన సహచరులపై శాంతి శుభాలు వర్షించుగాక!

సోదరులారా! పదవికి రాకముందు మనిషి ఎవరికి ఇచ్చాడు, ఏ షరతుపై ఇచ్చాడు? పాలకుల చరిత్రను మనం ఈ ప్రశ్నతో చదవాలి. మూడవ ఖలీఫా హజ్రత్ ఉస్మాన్ (రజి) జీవితం ఇందుకు తగిన ఉదాహరణ.

ముహాజిర్లు మదీనా చేరిన కాలంలో అక్కడ మంచినీటికి కొరత ఉండేది. రూమా బావి నీరు తియ్యనిదే గాని, వెల చెల్లించనిదే దొరికేది కాదు. దానిని కొని ప్రజలకు అంకితం చేసేవారికి స్వర్గంలో అంతకన్నా మేలైనది లభిస్తుందని దైవప్రవక్త (సఅసం) శుభవార్త ఇచ్చారు. వర్తకులైన ఉస్మాన్ (రజి) సొంత సొమ్ముతో ఆ బావిని కొని వక్ఫ్ చేశారు. షరతు ఒక్కటే: కొన్నవాని బొక్కెనకు ఇతరుల బొక్కెనలకన్నా ఎక్కువ హక్కు ఉండరాదు.

మస్జిదె నబవీ ఇరుకైనప్పుడు పక్క స్థలాన్ని కొని ఇచ్చినదీ ఆయనే. హిజ్రీ 9 (క్రీ.శ. 630)లో తబూక్ ప్రయాణానికి సైన్యం సన్నద్ధం కాలేని కష్టకాలంలో 1000 దీనారాలు తెచ్చి ప్రవక్త (సఅసం) ఒడిలో పోశారు. హజ్రత్ ఉమర్ (రజి) నియమించిన ఆరుగురి సంఘం ద్వారా ఆయన ఖలీఫా అయినది క్రీ.శ. 644లో, అంటే మరో 14 ఏళ్లకు. ఆ దానాలు పదవికి పెట్టిన పెట్టుబడి కావు.

క్రీ.శ. 656లో తిరుగుబాటుదారులు ఆయన ఇంటిని ముట్టడించి నీరు అందకుండా చేశారు. అందరికీ ఉచితం చేసిన బావి నీరు ఆయనకే కరవైంది! ఆయన రూమా బావిని వారికి గుర్తు చేశారు. అయినా తన కోసం రక్తం చిందించవద్దని సహచరులను వారించి, షహీద్ అయ్యారు.

గతంలో చేసిన దానం పాలకుణ్ణి ప్రశ్నకు అతీతుణ్ణి చేయదు. కానీ ప్రశ్న పేరిట దాహంతో ఉన్నవానికి నీరు ఆపడం న్యాయం కాదు.

ఎన్నికల వేళ మాత్రమే మన పేటలో బోరు వేయించి, దానిపై పేరు చెక్కించుకునేవారిని మనం చూస్తున్నాం. ఓటు అమానత్. ఈనాటి కానుకను గాక, ఎవరూ చూడని ఏళ్లలో ఆ మనిషి చేసిన పనిని అడిగి తెలుసుకుందాం. మనమూ ఫలితం ఆశించక ఇద్దాం.

అల్లాహ్ మన దానాలను ప్రదర్శనాబుద్ధి నుండి కాపాడుగాక! ఆమీన్.